క్యోటోలో చెర్రీ పూల రోజు: బస్సు మానేసి, కాలవ పట్టుకుని

చెర్రీ పూల సీజన్‌లో క్యోటోలో గది దొరికితే సగం యాత్ర అయిపోయినట్టే. మార్చి నెలాఖరు నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా అద్దెలు మామూలు రోజులకి రెండింతలవడం అక్కడ వింతేం కాదు. దాని మీద బస పన్ను ఒకటి. 2026 మార్చి నుంచి దాన్ని బాగా పెంచారు. తలకి పడే గది అద్దెను బట్టి మనిషికి రాత్రికి 200 యెన్ల నుంచి 10,000 యెన్ల దాకా ఉంటుంది. మనలాంటి వాళ్లు తీసుకునే మధ్యరకం గదులకి 400 యెన్లు పడుతుంది. ఈ బాధలన్నీ ఎందుకని చాలామంది ఒసాకాలో దిగి పొద్దున్నే రైల్లో వస్తారు, వేగం బండిలో అరగంట ప్రయాణం. పక్క జిల్లాలో ఉన్న ఒత్సు ఇంకా దగ్గర, క్యోటో స్టేషన్ నుంచి పది నిమిషాలే.

మేం మాత్రం డబ్బు కొంచెం ఎక్కువైనా సంజో, హిగషియామా మధ్య సబ్‌వే పక్కనే ఒక చిన్న హోటల్ తీసుకున్నాం. రెండు సూట్‌కేసులు ఒకేసారి తెరిచే చోటు లేదు. బాత్రూంలో మోచెయ్యి గోడకి తగులుతుంది. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను. ఎందుకంటే ఈ ఊళ్లో పూలు చూడటానికి మంచి టైము పొద్దున్న ఏడు గంటలు. ఒసాకా నుంచి రైల్లో వచ్చేవాళ్లు చేరుకునేసరికి అది దాటిపోతుంది.

తేదీల సంగతి జూదమే. క్యోటోలో సగటున మార్చి 26కి పూత మొదలవుతుంది, ఏప్రిల్ 4కి నిండుగా పూస్తుంది. సగటుని నమ్ముకుని లాభం లేదు, 2021లో మార్చి 26కే నిండు పూత వచ్చేసింది. రాజుల కాలం నాటి డైరీల దగ్గర్నుంచి పన్నెండు వందల ఏళ్ల లెక్కలు ఉన్నాయి ఈ ఊరికి. అప్పటిదాకా వాటిల్లో అంత తొందరగా ఎప్పుడూ పూయలేదట. ఊరంతా కనిపించే సోమెయ్ యోషినో రకం చెట్లన్నీ అంటు కట్టి పెంచినవే, ఒకదానికొకటి అచ్చు నకళ్లు. అందుకే కూడబలుక్కున్నట్టు ఒక్కసారే పూస్తాయి, వారం పదిరోజుల్లో ఒక్కసారే రాలిపోతాయి. ఒక్క రోజే చేతిలో ఉంటే ఏప్రిల్ 1 నుంచి 6 లోపు పెట్టుకోవడం నయం.

మాతో అమ్మ ఉంది. డెబ్భై దాటాయి, మోకాళ్ల నొప్పి. కాబట్టి పేరున్న గుళ్లన్నీ తిరగాలన్న ఆశ వదిలేసి, ఊరికి తూర్పున బివా సరస్సు నుంచి వచ్చే కాలవ వెంట ఎంత నడవగలిగితే అంతే అనుకున్నాం. సబ్‌వే తోజాయ్ లైన్లో కెయాగె స్టేషన్లో దిగి పైకొస్తే, రోడ్డు పక్కన ఇటుకల సొరంగం ఒకటి కనిపిస్తుంది. లోపలికెళ్లి తలెత్తి చూడండి. ఇటుకలు తిన్నగా ఉండవు, మెలికలు తిరుగుతూ పోతాయి. పైనున్న పట్టాల బరువు ఆపడానికి అలా పేర్చారట. సొరంగం దాటి పైకెక్కితే ఆ పట్టాలు, వాటికి రెండు వైపులా చెర్రీ చెట్లు. టిక్కెట్ లేదు, గేటు లేదు.

అమ్మది కోనసీమ. చిన్నప్పుడు కాలవల్లో పడవ ప్రయాణాలు చేసిన మనిషి. పట్టాల మధ్య చూపుకి పెట్టిన పాత పడవని చూసి, "ఒరే, పడవకి పట్టాలేంట్రా? లాకులు కట్టుకోవడం చేతకాలేదా వీళ్లకి?" అంది. మా ఆవిడకి నవ్వాగలేదు. కానీ అడగాల్సిన ప్రశ్నే అది. ఇక్కడ పైకాలవకీ కింది కాలవకీ తేడా దాదాపు 36 మీటర్లు. మన ధవళేశ్వరం కాలవల్లా లాకులతో దించాలంటే వరసగా ఎన్నో కట్టాలి. అందుకని 582 మీటర్ల వాలు వేసి, పడవని సరుకుతో సహా చక్రాల బండి మీదకి ఎక్కించి, తాడుతో పైకీ కిందికీ లాగేవాళ్లు. ఆ తాడు లాగడానికి కరెంటు ఈ కాలవ నీళ్లతోనే తీశారు. కాలవ 1890లో పూర్తయింది, పక్కనున్న జలవిద్యుత్ కేంద్రం మరుసటేడు మొదలైంది. దీన్ని డిజైన్ చేసిన తనాబె సకురో కాలేజీ నుంచి అప్పుడే బయటికొచ్చిన కుర్రాడు. రాజధాని టోక్యోకి తరలిపోయాక నీరసపడిన ఊరిని నిలబెట్టడానికి చేసిన పని ఇది. పడవలు 1948లో ఆగిపోయాయి. ఇప్పుడు పట్టాల మధ్య పెళ్లి ఫోటోలు తీసుకుంటున్నారు. అమ్మ మొత్తం విని, "అయితే మంచి బుర్రే" అని ఒప్పుకుంది.

ఒక హెచ్చరిక. పట్టాల మధ్య కంకర, దుంగలు. పెద్దవాళ్లని నడిపించేటప్పుడు అంచున ఉన్న దారే మేలు. చెప్పులు కాదు, బూట్లు వేయించండి. మేం వెళ్లినప్పుడు ఏడున్నరకి పలచగా ఉంది, తొమ్మిదికల్లా మనిషిని తోసుకుంటేగానీ ఫోటో రాదు.

అక్కడి నుంచి నాన్‌జెంజి గుడి నడిచి వెళ్లేంత దూరమే. గుడి ఆవరణలో ఇటుక తోరణాల మీదుగా ఇదే కాలవ పాయ ఒకటి పారుతుంది. పెద్ద ద్వారం మేడ ఎక్కడానికి టిక్కెట్ ఉంది, మెట్లు నిట్టనిలువు. మేం ఎక్కలేదు, బాధ లేదు. కింద గడప మీద కూర్చుంటేనే బాగుంది.

ఆ పైన తత్వవేత్త దారి. క్యోటో విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చెప్పిన నిషిదా కితారో రోజూ ఇటు నడిచేవారని ఆ పేరు పెట్టారు. సుమారు రెండు కిలోమీటర్లు, గింకాకుజి గుడి దాకా వెళ్తుంది. సన్నటి కాలవ, మట్టిదారి మధ్యలో పరిచిన రాతిపలకలు, నీళ్ల మీదకి వంగిన కొమ్మలు. అందంగా ఉంది, కాదనను. కానీ పదిన్నరకి మేం చేరేసరికి జనం క్యూ కట్టినట్టు నడుస్తున్నారు. ఆలోచించుకుంటూ నడిచే దారి అంటారు గానీ, ముందువాడి సెల్ఫీ కర్ర కంట్లో గుచ్చుకోకుండా చూసుకోవడంతోనే సరిపోయింది. కూర్చోవడానికి బెంచీలు తక్కువ. సగం దూరం నడిచి వెనక్కి తిరిగాం. రెండిట్లో ఒకటే చూడాలంటే కెయాగెకే నా ఓటు.

తిండి దగ్గర టెన్షన్ తప్పలేదు. నాన్‌జెంజి చుట్టుపక్కల యుదోఫు ప్రసిద్ధి, సముద్రపు పాచి వేసిన నీళ్లలో వేడి చేసిన టోఫూ. వినడానికి శాకాహారమే. ఒక హోటల్లో బోర్డు మీద ‘వెజిటేరియన్’ అని కూడా రాసుంది. ముంచుకునే రసంలో చేప ఉందా అని ఫోన్‌లో తర్జుమా చేసి చూపిస్తే, ఆ అమ్మాయి రెండు చేతులూ అడ్డంగా పెట్టి ‘ఉంది, మీకు కుదరదు’ అన్నట్టు సైగ చేసి క్షమాపణ చెప్పింది. నిజం చెప్పినందుకు సంతోషమే, బోర్డు కూడా మారిస్తే ఇంకా సంతోషం. ఎండబెట్టిన బోనిటో చేపతో కాచిన ‘దాషి’ జపాన్ వంటల్లో సగానికి ఆధారం. అది లేదని తెలిస్తే తప్ప శాకాహారం అనుకోకూడదు.

చివరికి కన్వీనియన్స్ స్టోర్‌లో ప్యాకెట్ తెల్లన్నం వేడి చేయించుకుని, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర గుజ్జు కలుపుకుని కామోగావా నది గట్టున కూర్చున్నాం. గట్టు మీద పచ్చిక, వరసగా చెట్లు, కూర్చోవడానికి ఎవరూ డబ్బులడగరు. ఒక్క గద్దల బెడద ఉంది. మా ముందే ఒకాయన చేతిలో రొట్టె, రెక్కల చప్పుడైనా వినపడకుండా వెనక నుంచి వచ్చి ఎగరేసుకుపోయింది. జాగ్రత్త అని బోర్డులు కూడా పెట్టారు. ఆ తర్వాత మేం చెట్టు కిందకి జరిగి, గిన్నె మీద మూత పూర్తిగా తీయకుండా తిన్నామనుకోండి. చెత్తబుట్టలు దాదాపు ఎక్కడా ఉండవు, ఒక కవర్ బ్యాగులో పెట్టుకోవాలి.

మధ్యాహ్నం హెయాన్ జింగూ అనే షింతో గుడి. క్యోటో రాజధాని అయి 1100 ఏళ్లయిన సందర్భంగా 1895లో కట్టారు. ఆవరణ ఉచితం, వెనక తోటకి 600 యెన్లు. ఈ రోజంతట్లో డబ్బిచ్చి చూడాల్సింది ఇదొక్కటే అంటాను. తోటలో ఉన్నవి ముదురు గులాబీ రంగులో కిందికి జాలువారే రకం. సోమెయ్ యోషినో రాలుతున్నప్పుడు ఇవి నిండుతాయి. చెరువు మీద కప్పున్న వంతెన ఉంది, దాని బల్లల మీద అమ్మ కాళ్లు చాపుకుని చాలాసేపు కూర్చుంది. పక్కన జపాన్ బామ్మ ఒకావిడ జంతికల్లాంటి బియ్యం బిళ్లలు ఇస్తే తీసుకుంది, బదులుగా మా దగ్గరున్న పల్లీ చిక్కీ ఇచ్చింది.

బస్సుల గురించి ఒక్క మాట. సిటీ బస్సు టిక్కెట్ 230 యెన్లు, ఊరి మధ్య భాగంలో ఎంత దూరమైనా అంతే. ఈ సీజన్లో కియోమిజు, గియోన్ వైపు బస్సులు ఆగకుండానే వెళ్లిపోతాయి, లోపల చోటుండదు. ఒకప్పటి బస్సు ఒకరోజు పాస్ తీసేశారు, ఇప్పుడు సబ్‌వే, బస్సు కలిపి 1,100 యెన్లు. మాలా నడిచేవాళ్లకి అది గిట్టుబాటు కాదు.

రాత్రికి మరుయామ పార్కు. కర్రల ఊతం మీద నిలబడిన పెద్ద చెట్టు ఒకటుంది, పాతది చచ్చిపోయాక దాని సంతతి మొక్కని 1949లో నాటారు. దీపాల వెలుగులో అన్ని ఫోటోల్లోనూ కనిపించేది ఇదే. చుట్టూ తినుబండారాల బళ్లు, నేల మీద పరిచిన నీలం టార్పాలిన్ల మీద ఆఫీసు గుంపుల గోల. నాకు నచ్చింది, మా ఆవిడకి తలనొప్పి వచ్చింది. పక్కనున్న గియోన్ సందుల్లో కొన్ని ప్రైవేటువి, లోపలికి వెళ్తే 10,000 యెన్ల జరిమానా అని బోర్డులున్నాయి, చూసుకుని నడవండి.

తేదీలు తప్పిపోయి ఏప్రిల్ రెండో వారంలో చేరేవాళ్లు ఈ తూర్పు వైపు వదిలేసి, ఊరికి వాయవ్యంగా ఉన్న నిన్నాజి గుడికి వెళ్లడం మంచిది. అక్కడి ఒమురో చెర్రీలు ఊళ్లో మిగతా చాలావాటికంటే ఆలస్యంగా పూస్తాయి. చెట్లు పొట్టి, పూలు ముఖం ఎత్తులోనే ఉంటాయి, మెడ నొప్పి ఉన్నవాళ్లకి అదే సుఖం.