ప్యాకెట్ ముందు బొమ్మ కాదు, వెనక అక్షరాలు: మా చిట్టి తిండి మీద నా సమీక్ష

మాది హన్మకొండ. మా చిట్టి దేశీ కుక్క, 12 కిలోలు ఉంటుంది. చాలా ఏళ్లుగా దానికి పొద్దున డ్రై ఫుడ్, సాయంత్రం ఉడికించిన చికెన్ కలిపిన అన్నం పెడుతున్నాం. మధ్యలో బ్రాండ్లు మార్చాం. మార్చిన ప్రతిసారీ పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెం కలుపుతూ వారం తీసుకున్నాం, లేకపోతే కడుపు పాడవుతుంది.

ప్యాకెట్ వెనక పదార్థాల పేర్లు ఎక్కువ బరువున్న వాటితో మొదలుపెట్టి వరుసగా రాస్తారు. మొక్కజొన్న, గోధుమ ముందుండి మాంసం ఎక్కడో కిందుంటే నేను కొనను. 'కాంప్లీట్' అని ఉంటేనే అది పూటకు సరిపడే తిండి. 'కాంప్లిమెంటరీ' అంటే పక్కన పెట్టేది మాత్రమే. గ్రేవీ పౌచ్ మీద ప్రోటీన్ 8 శాతమే కనిపిస్తే తక్కువనుకోవద్దు. అందులో 80 శాతం నీళ్లుంటే, నీళ్లు తీసేసిన లెక్కలో ప్రోటీన్ 40 శాతం. మా ఇంట్లో గ్రేవీ జ్వరం వచ్చి తినని రోజుల్లోనే వాడతాం. ఆ పనికి బాగుంది.

లూజ్‌గా అమ్మే డ్రై ఫుడ్ మాత్రం వద్దే వద్దు. ఇక్కడ ఒక షాపులో పెద్ద సంచి మూతి తెరిచిపెట్టి కిలోల్లెక్కన తూచి ఇచ్చారు. ఇంటికొచ్చి చూస్తే పాత నూనె వాసన. చిట్టి మూతి కూడా పెట్టలేదు. మన ఎండలకు అందులోని కొవ్వు తొందరగా చెడుతుంది, వానాకాలం తేమకు బూజు పడుతుంది. ఆ బూజు విషం లివర్‌ను దెబ్బతీస్తుంది. రేటు కాస్త ఎక్కువైనా నెలలో అయిపోయే చిన్న ప్యాక్ కొని, అదే కవర్లో మూతి బిగించి డబ్బాలో పెడుతున్నాం.

ట్రీట్ల విషయంలో నా ఓటు వంటింటికే. ఉప్పు, కారం లేకుండా ఉడికించిన మోరంగడ్డ, గుమ్మడికాయ, క్యారెట్ ముక్కలంటే చిట్టికి ప్రాణం. శివరాత్రికి మోరంగడ్డలు ఉడకబెడితే పొయ్యి దగ్గర నుంచి కదలదు! చికెన్ లివర్ వారానికి ఒకటి రెండు చిన్న ముక్కలే. విటమిన్ ఎ ఎక్కువ, రోజూ మంచిది కాదు. ట్రీట్లన్నీ కలిపి రోజు కేలరీల్లో పదో వంతు దాటకూడదని డాక్టర్లు చెప్తారు. చిట్టిలాంటి కుక్కకు రోజుకు సుమారు 700 కేలరీలు అనుకుంటే ట్రీట్లకు 70. ఒక ఉడికిన గుడ్డుతో ఆ వాటా అయిపోతుంది.

తోలుతో చేసిన నమిలే ఎముకలు ఆపేశాం. నానిన ముక్క గొంతుకు అడ్డం పడితే ప్రాణం మీదికొస్తుంది. వండిన కోడి ఎముకలు కూడా అంతే, విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి.

పండుగలప్పుడు నాకు అసలు టెన్షన్ చుట్టాలతోనే. సర్వపిండి ముక్క ప్రేమగా వేస్తారు, అందులో ఉల్లిగడ్డ ఉంటుంది. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. కిస్మిస్, ద్రాక్ష కిడ్నీలకు ప్రమాదం, చాక్లెట్ గుండెకు. అందుకే ఉడికించిన క్యారెట్ ముక్కల గిన్నె ముందే గుమ్మం దగ్గర పెట్టి, "అత్తమ్మా, చిట్టికి ఇందులోంచే వేయండి" అని చెప్తున్నా. పిల్లలైతే ఆ గిన్నె కోసం పోటీ పడుతున్నారు.

పిల్లి ఉన్నవాళ్లు ఇవన్నీ అలాగే పాటించకండి. పిల్లికి టారిన్ అనే పోషకం తప్పనిసరి, కుక్కల డ్రై ఫుడ్‌లో అది సరిపడా ఉండదు. దానికి పిల్లుల ఫుడ్డే కొనండి.