ఏడు దర్వాజల గుట్ట: కోయిలకొండలో ఒక శనివారం, పాలమూరులో రెండు రాత్రులు

పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, పోతున్నామని చెబితే ఆఫీసులో అందరూ "పిల్లలమర్రికా?" అనే అడిగారు. అక్కడికి దగ్గర్లోని పాత గుట్టకోట కోయిలకొండకు అంటే ఒక్కరికీ తెలియలేదు. నాకూ ఆ పేరు బస్సు బోర్డుల మీద చదివిన గుర్తే. నన్ను కదిలించింది మా మేనకోడలు. డిగ్రీలో చరిత్ర చదువుతోంది. "అత్తా, కోట కాపలావాళ్లు తెలుగులో చేసిన ప్రమాణం అక్కడ రాయి మీద ఉందట, పోదాం పా" అని దసరా సెలవుల నుంచి ఒకటే పోరు. అక్టోబరు రెండో శనివారం కలిసొచ్చింది.

ఆ ప్రమాణం సంగతి ముందు చెప్పాలి. అది తెలియకపోతే ఈ గుట్ట మీద రాళ్లు, ముళ్లపొదలు తప్ప ఏమీ కనిపించవు. గోల్కొండ ఏలుతున్న అన్న జంషీద్‌కు భయపడి ఇబ్రహీం కుతుబ్ షా విజయనగరం పారిపోయి, ఏడేళ్లు అళియ రామరాయల ఆశ్రయంలో ఉన్నాడు. 1550లో జంషీద్ చనిపోయాక గోల్కొండ గద్దె కోసం తిరిగి వస్తూ దారిలో ఈ కోటకు చేరాడు. కోట కాసే నాయకవాడీలు ఆయన పక్షాన నిలుస్తామని ప్రమాణం చేసి తెలుగులో శాసనం వేయించారు. ఆ తర్వాత ఆయన 1580 దాకా ఏలాడు. హుస్సేన్ సాగర్, పురానాపూల్ ఆయన కాలంలో కట్టినవే. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని పిలుచుకున్నారు, అద్దంకి గంగాధర కవి తన కావ్యాన్ని ఆయనకే అంకితం ఇచ్చాడు. రోజూ ట్యాంక్‌బండ్ మీదుగా ఆఫీసుకు పోయే నాకు, ఆ కథకు ఒక మొదలు ఈ గుట్ట దగ్గర ఉందని తెలియడమే పెద్ద విషయం.

శుక్రవారం సాయంత్రం కాచిగూడలో రైలెక్కాం. రైలే మేలు. వీకెండ్‌లో బస్సుకైతే ఆరాంఘర్, శంషాబాద్ దాటేసరికే ఓపిక అయిపోతుంది. మహబూబ్‌నగర్‌లో దిగి బస్టాండ్ దగ్గరి ఒక లాడ్జిలో గది తీసుకున్నాం, తొమ్మిది వందలు. ఇది మేం చేసిన తప్పు. ఫోన్‌లో వేడినీళ్లు ఉంటాయన్నారు, పొద్దున అడిగితే గీజర్ పాడైందన్నారు. దుప్పటి ఉతికింది కాదు. తలుపు గడియ సరిగ్గా పడక, ఇద్దరం ఆడవాళ్లం కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకున్నాం. కింద బస్సుల హారన్లు రాత్రంతా ఆగలేదు. రెండో రాత్రికి ఊరి బయట రాయచూరు రోడ్డు వైపు ఇంకో చోటుకు మారాం. పదిహేను వందలు తీసుకున్నారు గానీ గది శుభ్రంగా ఉంది, నీళ్లు వేడిగా వచ్చాయి. కౌంటర్‌లో ఉన్నామె "పొద్దున ఎన్నింటికి పోతరు? చాయ్ పంపిస్త" అని తనే అడిగింది. కుటుంబంతో పోయేవాళ్లు ఆరు వందల తేడా చూసుకోకండి. బస్టాండ్‌కు దూరంగా ఉన్న చోటే దిగండి.

శనివారం ఆరున్నరకు కోయిలకొండ పల్లెవెలుగు ఎక్కాం. ఆధార్ చూపిస్తే ఇద్దరికీ జీరో టికెట్. కూలికి పోయే ఆడవాళ్లతో బస్సు కిక్కిరిసి ఉంది. నా పక్కన నిలబడ్డ పెద్దామె కొడుకు, కోడలు పుణెలో బిల్డింగ్ పనికి పోయారట. "పండుగకొచ్చి పోయిన్రు, పిల్లగాన్ని నా తాన్నే ఇడిసిపెట్టిన్రు" అంది. పాలమూరు వలస గురించి ఎంత చదివినా, చంకలో పిల్లవాడితో నిలబడ్డ ఆ నాయనమ్మ ముఖమే నాకు గుర్తుండిపోయింది. ముప్పావుగంటలో ఊళ్లో దిగాం.

హోటల్లో తిన్న ఇడ్లీ మామూలుగా ఉంది. కానీ అక్కడే మధ్యాహ్నానికి జొన్నరొట్టె, కోడికూర చేసి పెడతారా అని అడిగితే ఒప్పుకున్నారు. మీరు వెళ్తే ఇదొక్కటి మర్చిపోకండి, పొద్దునే చెప్పి పోవాలి. కిందికి దిగేసరికి పెనం మీద రొట్టె పొంగుతోంది. పచ్చిపులుసు, ఉల్లిగడ్డ, వెల్లుల్లి కారం. ఇద్దరికీ కలిపి మూడు వందలు. ఈ రెండు రోజుల్లో తిన్నవాటిలో అదే గొప్ప భోజనం.

గుట్ట ఎక్కడం పెద్ద కష్టం కాదు గానీ దారి దొరకడం కష్టం. లోయ దాటి మెట్లు పట్టుకుంటే ఒకదాని తర్వాత ఒకటిగా ఏడు దర్వాజలు వస్తాయి. మొదటి దర్వాజ దాకా దారి తేటగా ఉంది. రాళ్లను ఒకదాని మీద ఒకటి ఎలా కూర్చారో కమాను కింద నిలబడి చూస్తే అర్థమవుతుంది. ఎంత ఎండలోనైనా ఆ నీడ చల్లగా ఉంటుంది. మా మేనకోడలు రాతి మీద అక్షరాలు వెతికి, ఫోన్ లైటును పక్కవాటంగా పట్టుకుని చూపించింది. ఎదురుగా వెలుగు పడితే ఒట్టి గరుకు బండ, పక్క నుంచి పడితే గీతలు లేచి నిలబడతాయి. వరసంతా చదవడం మా వల్ల కాలేదు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి "ఇది 'న' కదా అత్తా" అంటూ అరగంట అక్కడే ఉండిపోయింది. అది ఏ శాసనమో, ఎవరు వేయించారో చెప్పే బోర్డు మాత్రం మాకు ఎక్కడా కనిపించలేదు. నాకు నిజంగా బాధేసింది. నాలుగు వాక్యాల బోర్డు పెడితే ఆ ఊరి బడిపిల్లలు వచ్చి చదువుకుంటారు, తమ గుట్ట ఎంతటిదో తెలుసుకుంటారు.

అక్కడి నుంచి పైకి పోతూ దారి తప్పాం. వానలకు పెరిగిన పరికి కంపలు కాలిబాటను మూసేశాయి. ఎడమకు పోవాల్సింది కుడికి పోయి, బండల మధ్య ఇరుక్కుని గంట పోగొట్టుకున్నాం. పిల్ల జారి మోకాలు గీరుకుంది. నాకు టెన్షన్ మొదలైంది, ఫోన్లో సిగ్నల్ లేదు. అప్పుడే మేకల కాపరి ఒకాయన పై బండ మీద నుంచి కేకేశాడు.

"యాడికెల్లి వచ్చిన్రు బిడ్డా? అటు తొవ్వ లేదు, ఇటు రాన్రి."

దగ్గరికి రాగానే ఆయన మొదట చూసింది మా నీళ్ల సీసాలే. "రెండేనా? పైన సుక్క తాగనీకి దొర్కదు" అని తన సొరబుర్రలోంచి మాకు నీళ్లు పోశాడు. అక్కడి నుంచి పైదాకా ఆయనే తీసుకెళ్లాడు. తేనెతుట్టెలు ఉన్న కమాను దగ్గర మాట్లాడొద్దని సైగ చేశాడు. సెంటు కొట్టుకుని వచ్చినవాళ్ల మీదికి అవి లేస్తాయట. దిగేటప్పుడు డబ్బులిస్తే వద్దన్నాడు, మేమే బలవంతంగా చేతిలో పెట్టాం. ఊళ్లో ముందుగా అడిగి ఇలాంటి ఒకరిని తోడు తీసుకుని, కూలి మాట్లాడుకుని ఎక్కడం మంచిది. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, నిండు చేతుల చొక్కా, గట్టి బూట్లు ఉండాలి. పైన టాయిలెట్ లేదు, దుకాణం లేదు.

నాలుగో దర్వాజ దాటితే కూలిన మహలు, మసీదు వస్తాయి. ఇంకా పోతే ఈద్గా. మహలు గోడల మీద సున్నం అక్కడక్కడా ఇంకా నున్నగా ఉంది, దాని మీద పేర్లు, గుండె బొమ్మలు చెక్కిన చేతులు కూడా తక్కువేం లేవు. కాపరి తాత ఒక పేరు దగ్గర ఆగి, "గీ పోరగాడు మా ఊరోడే, మొన్న కొట్టిన" అన్నాడు. చివర నిలబడితే కింద జొన్న చేలు, పత్తి చేలు, మెరిసే కుంటలు, దూరంగా గుట్టల వరస. గాలి తప్ప చప్పుడు లేదు. ఎక్కడానికి రెండు గంటలు, దిగడానికి గంట పట్టింది.

ఆదివారం పిల్లలమర్రికి పోయాం. ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పే మర్రి, దాదాపు మూడెకరాల్లో పరుచుకుంది. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగి పడ్డాక, చెదలు తొలిచిన చోట్ల సెలైన్ సీసాలతో మందెక్కించి బతికించిన చెట్టు ఇది. ఊడలకు ఇచ్చిన ఆధారాలు చూస్తే ఎంత శ్రద్ధ పెట్టారో తెలుస్తుంది. మనిషి చేయి తగలకుండా దూరం నుంచే చూడనివ్వడం నాకు నచ్చింది. పిల్లలు, ముసలివాళ్లు ఉంటే ఇది హాయిగా గంటన్నర గడిపే చోటు. నడిచి చెమట పట్టాలనుకునేవాళ్లకు మాత్రం కోయిలకొండే. రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు, గుట్ట దిగాక కాళ్లు కదలవు.

వెళ్లాలంటే అక్టోబరు చివరి నుంచి జనవరి దాకా పోండి. వానాకాలంలో మెట్లు పాకుడు పడతాయి. మార్చి దాటితే ఆ బండల వేడికి తట్టుకోలేరు. తిరుగు బస్సుల వేళలు దిగగానే కండక్టర్‌ను అడిగి రాసుకోండి. మేం నాలుగింటి బస్సు తప్పి, పది మంది ఎక్కిన ఆటోలో వేలాడుతూ వచ్చాం.

ఇంకో లాభం, మేం పోయింది సీతాఫలాల కాలం. బస్టాండ్ ముందు గంపలతో కూర్చున్న ఒకామె దగ్గర డజను బేరమాడితే, ఒక్కోటి చేత్తో తిప్పి చూసి ఇచ్చింది. "కండ్లు విచ్చినయి రేపు తినున్రి, ఇవి బియ్యంల పెట్టున్రి, మూడొద్దులకు పండుతయి" అని వేరువేరుగా కట్టింది. బియ్యం డబ్బాలో పెట్టినవి బుధవారం పండాయి. రెండు తీసి మా మేనకోడలి హాస్టల్‌కు పంపాను.