గ్రేలింగ్ పేరుతో అమ్ముతున్న పాత బేర్ విండ్లు: కొనేవారికి హెచ్చరిక

అమెరికాలో పాత విండ్లు సేకరిస్తున్న తెలుగువారికీ, ఇక్కడి నుంచి ఇండియాలోని బంధుమిత్రులకు ఒక మంచి రికర్వ్ విల్లు (కొసలు ముందుకు వంగి ఉండే రకం) కొని పంపాలనుకుంటున్నవారికీ ఈ హెచ్చరిక. మిషిగన్ రాష్ట్రంలోని గ్రేలింగ్‌లో 1960లలో తయారైన బేర్ ఆర్చరీ కంపెనీ వారి గ్రిజ్లీ రకం విల్లు అని చెప్పి, ఫ్లోరిడాలో ఆ తరువాతి కాలంలో తయారైన గ్రిజ్లీని, దాని మీది అక్షరాలు గీకేసి కొత్తవి అచ్చువేసి, పగిలిన లింబ్‌ను, అంటే వింటిలో వంగే రెక్కను, జిగురుతో కప్పిపెట్టి, ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు నాకు అంటగట్టారు. ఊరి పేరు తప్పు చెప్పడం వల్ల పోయేది డబ్బు మాత్రమే. పగులు దాచడం వల్ల కన్ను పోవచ్చు.

గ్రేలింగ్ అనే పేరుకు ఇంత గిరాకీ ఎందుకో కొత్తవారికి చెప్పాలి. బేర్ ఆర్చరీ స్థాపకుడు ఫ్రెడ్ బేర్ 1902లో పెన్సిల్వేనియాలో పుట్టి, యువకుడిగా డెట్రాయిట్ చేరి, 1933లో అక్కడ ఒక చిన్న వ్యాపారం మొదలుపెట్టారు. మొదట్లో అది నిలబడింది విండ్ల మీద కాదు, ప్రచార సామగ్రికి చేసే సిల్క్ స్క్రీన్ అచ్చుపని మీద. పక్కన చిన్నగా సాగిన విండ్ల పని క్రమంగా పెరిగి, 1947లో ఉత్తర మిషిగన్‌లోని గ్రేలింగ్‌లో పూర్తిస్థాయి కర్మాగారమైంది. 1940లలో నెల్స్ గ్రమ్లీ అనే పనివాడు చేత్తో చేసి తన పేరు వేసిన విండ్లు ఈనాటికీ సేకర్తలు ప్రాణం పెట్టి వెతికేవి. ఆ తరువాత చెక్క పొరలకు ఫైబర్ గ్లాస్ అతికించే పద్ధతి స్థిరపడి, కోడియాక్, గ్రిజ్లీ వంటి రకాలు వేల ఇళ్లకు చేరాయి. 1968లో కంపెనీ చేతులు మారింది. కార్మికుల సమ్మె తరువాత 1978లో కర్మాగారం ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్‌కు తరలిపోయింది. ఫ్రెడ్ బేర్ 1988లో మరణించారు. గెయిన్స్‌విల్ విండ్లు పనితనంలో తక్కువవని నేను అనను. వాటిలో చక్కగా బాణం వేసేవి ఎన్నో ఉన్నాయి. అయితే సేకర్తలు ఎక్కువ ధర పెట్టేది గ్రేలింగ్ పేరుకే కాబట్టి, ఆ పేరును దొంగిలించడానికి కొందరు సిద్ధపడుతున్నారు.

ఇక జరిగిన సంగతి. ప్రకటనలో దూరం నుంచి తీసిన ఫోటోలే ఉన్నందున, రైజర్‌నూ (చేత్తో పట్టుకునే మధ్య భాగం) లింబ్‌లనూ దగ్గరగా తీసి పంపమని నేను రాతపూర్వకంగా అడిగాను. మెలిక గానీ పగులు గానీ ఉందా అని కూడా అడిగాను. ఏమీ లేవనీ, ఈమధ్యే బాణాలు వేసి చూశామనీ జవాబిచ్చి, రెండు స్పష్టమైన ఫోటోలు పంపారు. విల్లు ఇంటికి వచ్చాక ఆ ఫోటోలతో పోల్చి చూస్తే రైజర్ మీది చెక్క చారలు కలవలేదు. ఏ రెండు చెక్క ముక్కల చారలూ ఒకేలా ఉండవు కనుక, ఫోటోలోని విల్లు వేరు, పెట్టెలో వచ్చినది వేరు అని అక్కడే తేలిపోయింది. దీపం పక్కవాటుగా పట్టి చూస్తే, నల్లగా మెరుస్తున్న కొత్త గ్రేలింగ్ అక్షరాల కింద గీకేసిన పాత అక్షరాల జాడలు, గెయిన్స్‌విల్ అనే పేరు మొదటి భాగంతో సహా, కనిపించాయి. పై లింబ్‌లో పొడవునా ఉన్న పగులును పలచని జిగురుతో నింపి, మీద వార్నిష్ పూశారు. ఆ విల్లును నేను ఎక్కుపెట్టలేదు. పూర్తిగా లాగినప్పుడు అలాంటి లింబ్ విరిగితే ముక్కలు ఎగిరేది ముఖం పక్కనే.

అమ్మకందారు చెప్పిన సమాధానం, పాత వస్తువు ఉన్నది ఉన్నట్టుగా అమ్మామని. ఆ మాట చూసి వెనక్కి తగ్గకండి. ఉన్నది ఉన్నట్టుగా అమ్మడం అంటే ఉన్న లోపాలతో అమ్మడమే తప్ప, ఒక విల్లు చూపించి ఇంకొకటి పంపడం కాదు. అమ్మకాలు జరిపే వేదిక కూడా మొదట వాళ్ల మాటే పట్టుకుంది. క్రెడిట్ కార్డు కంపెనీకి చెక్క చారల ఫోటోలు పక్కపక్కన పెట్టి, అమ్మకందారు రాసిన జవాబు జతచేసి ఫిర్యాదు చేశాక, విల్లు తిరిగి పంపాలన్న షరతు మీద డబ్బు వచ్చింది. బేరం మధ్యలో, వేదికను పక్కనపెట్టి స్నేహితులకు పంపే పద్ధతిలో చెల్లిస్తే ధర తగ్గిస్తామని వాళ్లు అన్నారు. అలా చెల్లించి ఉంటే ఒక్క డాలరు కూడా తిరిగి వచ్చేది కాదు. నేరుగా ఇండియా చిరునామాకు పంపించుకునేవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ముందు అమెరికాలో తెలిసినవారి చేతికి తెప్పించి, పరీక్ష చేయించిన తరువాతే సముద్రం దాటించండి.

కొనే ముందు చూడవలసినవాటిలో సంవత్సరం సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే ఇందులో మోసం ఎంత ఉందో అజ్ఞానమూ అంతే ఉంది. చాలా బేర్ విండ్ల మీద పేటెంటు సంఖ్యతో పాటు కెనడా 1953 అని ఉంటుంది. అది కెనడాలో పేటెంటు పొందిన సంవత్సరం. తరువాత ఎన్నో ఏళ్ల పాటు అదే వాక్యాన్ని వింటి మీద అచ్చువేస్తూ వచ్చారు. కనుక ఆ అంకె చూపించి 1953 నాటి విల్లు అనే ప్రకటన కనిపిస్తే, అమ్మేవారికి తెలియకపోయి ఉండవచ్చు, తెలిసే అంటూ ఉండవచ్చు. మీరు మాత్రం ఆ ధర ఇవ్వకండి. రైజర్‌లో పొదిగిన బిళ్ళను చూడమని అడగండి. నాణెం లాంటి లోహపు బిళ్ళలు 1950ల చివరి నుంచి కనిపిస్తాయి. ఉబ్బెత్తుగా ఉండే బిళ్ళ 1970లలో వచ్చినది. నాకు వచ్చిన వింటికి ఉన్నది ఉబ్బెత్తు బిళ్ళే, ప్రకటన ఫోటోల్లో చేతి నీడతో కప్పినది కూడా దానినే. కర్మాగారంలో వేసిన అక్షరాలు సాధారణంగా పై పూత కింద ఉంటాయి. వేలిగోరుకు అక్షరాల అంచు తగులుతూ ఉంటే అవి తరువాత వేసినవని అనుమానించండి.

లింబ్‌ల అంచుల వెంట, పై ముఖం మీద దూది ఉండను మెల్లగా నడిపించండి; పగులు ఉన్నచోట దూది పోగులు చిక్కుకుంటాయి. జిగురు పూసి నునుపు చేసినచోట దూది మోసపోవచ్చు కాబట్టి, మొబైల్ దీపాన్ని పక్కనుంచి వేసి మళ్ళీ చూడండి. చివరల్లో పొరలు విడిపోయాయేమో, రైజర్‌కు మరలు దించిన రంధ్రాలు పూడ్చారేమో చూడండి. నారి కట్టిన తరువాత వింటి చివరి నుంచి కన్ను పెట్టి చూస్తే నారి లింబ్ మధ్యగా పోవాలి. పక్కకు జరిగితే మెలిక ఉన్నట్టే. కాలు మధ్యలో పెట్టి వంచి నారి కట్టే అలవాటు వల్లనే చాలా పాత విండ్లకు ఈ మెలిక వచ్చింది. నారి కట్టడానికి, వింటి రెండు కొసలకూ తగిలించి వంచే స్ట్రింగర్ తాడు వాడండి. నాకు వచ్చిన వింటికి సాగని కొత్తరకం సన్న నారి తగిలించి ఉంది. పాత విండ్ల చివరలు ఆ దెబ్బకు తట్టుకోవు, వాటికి కొద్దిగా సాగే డాక్రాన్ (పాలిస్టర్ దారం) నారి ఒక్కటే తగినది.

మరొక మాట, రకం వేరైనా ప్రమాదం ఒకటే కనుక చెబుతున్నాను. ఇంగ్లండ్‌లో ఆక్లెస్ అండ్ పోలక్ కంపెనీ చేసిన అపోలో వంటి ఉక్కు గొట్టపు విండ్లు కూడా అమ్మకానికి వస్తుంటాయి. అవి చరిత్రకు మంచి సాక్ష్యాలు, గోడకు అలంకారాలు. తుప్పు లోపలి నుంచి పట్టి, ఏ సూచనా లేకుండా విరుగుతాయి. వాటితో బాణం వేయకండి, పిల్లల చేతికి అసలే ఇవ్వకండి.

ఈ హెచ్చరిక ఇప్పుడే రాయడానికి కారణం ఉంది. నేను తిప్పి పంపిన ఆ విల్లు, అవే అరువు ఫోటోలతో, వేరే ఖాతా పేరు మీద మళ్ళీ అమ్మకానికి వచ్చింది. వేదికకు ఫిర్యాదు చేశాను, కానీ ప్రకటన ఇంకా తొలగించలేదు. ఈలోగా ఎవరైనా కొంటే గుర్తుపట్టడానికి దాని ఆనవాళ్లు ఇవి: 58 అంగుళాల గ్రిజ్లీ, కుడిచేతి వాటం, లాగే బలం 45 పౌండ్లు అన్న గుర్తు, రైజర్ ఎడమవైపు మైనంతో పూడ్చిన రెండు మర రంధ్రాలు, ఒకటి రెండోదానికంటే కాస్త పెద్దది, పై లింబ్ కొస నుంచి దాదాపు జానెడు కింద, ముదురు వార్నిష్ పట్టీ కింద పొడవాటి పగులు, గ్రేలింగ్ అనే మాటలో చివరి అక్షరం మిగతావాటికంటే కొద్దిగా కిందికి జారి ఉంటుంది. ఇప్పటికే ఇంటికి తెచ్చుకున్నవారు దానికి నారి కట్టకుండా, పెట్టెతో సహా ఫోటోలు తీసి, కార్డు కంపెనీకి ఆలస్యం చేయకుండా ఫిర్యాదు పెట్టండి.