గౌలిగూడ షెడ్డు నుంచి ఎల్బీనగర్ చౌరస్తా దాకా: ఎంజీబీఎస్ మీద పాత ప్రయాణికుడి సమీక్ష

హైదరాబాద్ పెద్ద బస్టాండ్ ఎంజీబీఎస్ మీద జనం రాసే సమీక్షలు చాలావరకు బాత్‌రూంల దగ్గర మొదలై వాటర్ బాటిల్ రేటు దగ్గర ఆగిపోతాయి. ఆ మాటలు ఏ బస్టాండ్‌కైనా అతుకుతాయి. సూర్యాపేట రోడ్డు మీద మూడు దశాబ్దాలకు పైగా వచ్చిపోతున్నాను కాబట్టి నా లెక్క వేరు. సిటీ బస్సు దిగిన చోటు నుంచి జిల్లా బస్సు ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టేదాకా సంచి మోసుకుంటూ ఎంత నడవాలి? హైదరాబాద్‌లో బస్టాండ్ రూపం మారినప్పుడల్లా ఈ నడక కూడా మారుతూ వచ్చింది. నేను మార్కులు వేసేది దాన్ని చూసే.

మా చిన్నప్పుడు పట్నం బస్టాండ్ అంటే గౌలిగూడే. విమానాల కోసమని నిజాం జమానాలో తెప్పించిన పెద్ద ఇనుప హ్యాంగర్ అది, కమాను ఆకారంలో రేకుల కప్పు. 1932లో నిజాం రైల్వే వాళ్లు 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పటి నుంచి ఆ షెడ్డు బస్సులకే దక్కింది. ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకదాన్ని ముస్తాబు చేసి ఆర్టీసీ పెద్దాఫీసు బస్ భవన్‌లో పెట్టారు. అటువైపు వెళ్తే చూడండి, అంత చిన్న బండితో మొదలైందా ఇదంతా అనిపిస్తుంది.

గౌలిగూడలో మనుషులు నడిచే దారి, బస్సులు తిరిగే దారి వేరువేరుగా ఉన్నట్టు నాకు గుర్తులేదు. డీజిల్ పొగ కప్పు కింద సుడి తిరిగేది. ఇంజిన్ల మోత, హమాలీల కేకలు, కండక్టర్ల విజిళ్లు రేకులకు తగిలి రెండింతలై చెవిలో పడేవి. వాన పడిందంటే పక్కనున్న మనిషి మాట కూడా వినపడేది కాదు. అయినా సిటీ బస్సు దిగి నాలుగడుగులు వేసి "సూర్యాపేట బస్సు ఏది అన్నా?" అని ఎవరినడిగినా చెయ్యెత్తి చూపించేవాళ్లు. అన్నీ కంటి ముందే ఉండేవి. సౌకర్యానికి సున్నా, నడకకు పదికి పది.

అప్పట్లో సీటు రిజర్వేషన్ అంటే కర్చీఫే. బస్సు లోపలికి వస్తుండగానే దాని పక్కన పరుగెత్తి, కిటికీలోంచి కర్చీఫో తువ్వాలో వేసేయడం. దానికో మర్యాద ఉండేది, కర్చీఫ్ పడ్డ సీటులో ఇంకొకరు కూర్చునేవారు కాదు. కూర్చుంటే మాత్రం నార్కట్‌పల్లి దాటేదాకా తగువే. ఈ పద్ధతి నడవాలంటే బస్సు పక్కభాగం జనానికి అందుబాటులో ఉండాలి. గౌలిగూడలో ఎటు నుంచి చూసినా అందుబాటే. బస్సుకు నాలుగు వైపులా జనం ఉండేవాళ్లు, అసలు ప్రమాదం కూడా అదే.

1994లో బస్టాండ్ మూసీ మధ్యలోని లంకకు మారింది. పేరు మహాత్మాగాంధీ బస్ స్టేషన్. ఇమ్లీబన్ అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. గౌలిగూడ చూసిన కళ్లకు అది విమానాశ్రయంలా కనిపించింది. ఎత్తయిన కప్పు, కూర్చోవడానికి బెంచీలు, డెబ్బై పైచిలుకు ప్లాట్‌ఫాంలు, ఒక్కో వైపు ఊళ్లకు ఒక్కో వరుస, తలమీద నంబరు బోర్డు. "ప్రయాణికులకు విజ్ఞప్తి" అంటూ మైకులో గొంతు. మనుషులు లోపల, బస్సులు బయట. ఈ విభజన ఒక్కటి చాలు దానికి మంచి మార్కులు వేయడానికి. పిల్లల్ని, ముసలివాళ్లను వెంటబెట్టుకుని గౌలిగూడలో తిరిగినవాళ్లకు ఇది ఎంత పెద్ద ఊరటో తెలుస్తుంది.

ఇక్కడ బస్సు ముక్కు ప్లాట్‌ఫాం వైపు పెట్టి ఆగుతుంది, బయలుదేరేటప్పుడు కండక్టర్ వెనకనుంచి విజిల్ వేస్తుంటే రివర్స్‌లో బయటపడుతుంది. అలా నిలిపితే తక్కువ పొడవులో ఎక్కువ బస్సులు పడతాయి, ముందున్న బోర్డు కూర్చున్న చోటు నుంచే చదువుకోవచ్చు. కాకపోతే కర్చీఫ్ వేసేవాడికి కిటికీలు దూరమైపోయాయి. జనం ఊరుకుంటారా? ప్లాట్‌ఫాం దిగి రెండు బస్సుల మధ్య సందులో దూరడం మొదలుపెట్టారు. పండగ రోజుల్లో ఆ సందుల్లో జరిగిన యుద్ధాలు చూసినవాళ్లు చాలామందే ఉంటారు.

ఆన్‌లైన్ రిజర్వేషన్ వచ్చాక సూపర్ లగ్జరీ, గరుడ బస్సులకు కర్చీఫ్ పని లేకుండా పోయింది. అయినా జనం ఆ సందులోకి దిగడం ఆగలేదు. ఈసారి కారణం సామాను. పాత ఎక్స్‌ప్రెస్‌లకు సామాను టాప్ మీద, నిచ్చెన వెనక. హమాలీ ఎక్కి కట్టేవాడు, మనం కింద నిలబడి లెక్క చూసుకునేవాళ్లం. ఇప్పటి దూరప్రాంత బస్సులకు డిక్కీ పక్కన, సీట్ల కింద. ఆ తలుపు పైకి లేవాలి, దానికింద మనిషి వంగి సూట్‌కేసు తోయాలి, అదే సమయంలో పక్క బేలోకి, అంటే పక్క బస్సు నిలిచే గడిలోకి, ఇంకో బస్సు వస్తుంటుంది. ఒకసారి ఒక పెద్దాయన బియ్యం సంచిని డిక్కీలోకి నెడుతుంటే పక్క బస్సు అద్దం ఆయన తువ్వాలును తాకుతూ పోయింది. ఆయన అదిరి పడలేదు, తువ్వాలు సర్దుకుని సంచిని ఇంకాస్త లోపలికి తోశారు. టాప్ మీద సామాను కట్టే కాలంలో గీసిన బేలలో ఇప్పుడు పక్క డిక్కీల బస్సులు నిలుస్తున్నాయి. అందుకే పెద్ద సామాను ఉంటే బస్సు వచ్చి పూర్తిగా ఆగి, పక్క బే కూడా నిండాకే డిక్కీ దగ్గరికి వెళ్లండి. నిండిన బేలోకి ఇంకోటి రాదు కదా.

ఇక నడక సంగతి. జిల్లా బస్సులు లంక మీదికి వచ్చాయి, సిటీ బస్సులు గౌలిగూడ షెడ్డులోనే ఉండిపోయాయి. మధ్యలో మూసీ వంతెన. అఫ్జల్‌గంజ్‌లోనో గౌలిగూడలోనో దిగి, ఆటోల మధ్యనుంచి వంతెన దాటి, బస్టాండ్ గేటు నుంచి మన ప్లాట్‌ఫాం వెతుక్కుంటూ చేరేసరికి ఎండాకాలమైతే చొక్కా తడిసిపోయేది. చేతిలో ఏమీ లేకపోతే అదొక లెక్కా? పచ్చడి జాడీ, బియ్యం సంచి, చంకలో పిల్లతో వచ్చే తల్లికి ఆ దూరం చాలా ఎక్కువ. పాత చోట ఒకే కప్పు కింద జరిగిన పని కొత్త చోట రెండు బస్టాండ్లయింది. ఆటోవాళ్లకు మాత్రం కొత్త బేరం దొరికింది.

ఈ విషయంలో విజయవాడ నాకు నచ్చుతుంది. పండిట్ నెహ్రూ బస్టాండ్‌లో వచ్చే బస్సులకు ఒక బ్లాక్, పోయే బస్సులకు ఒక బ్లాక్, సిటీ బస్సుల టెర్మినల్ కూడా అదే ఆవరణలో. మొదటిసారి వెళ్లినవాళ్లు దిగిన బ్లాక్‌లోనే ఎక్కే బస్సు కోసం కాసేపు తికమకపడతారు. ఒకసారి తెలిశాక మాత్రం రోడ్డు దాటే పని ఉండదు. హైదరాబాద్ జనాభాకు ఆ పద్ధతి సరిపోయేదా అంటే చెప్పలేను గానీ, కనీసం ఆ ఆలోచన బాగుంది.

2018లో రెండు సంగతులు జరిగాయి. జూలైలో గౌలిగూడ హ్యాంగర్ కుప్పకూలింది. అంతకుముందే ప్రమాదం పసిగట్టి బస్సుల్ని, మనుషుల్ని ఖాళీ చేయించడంతో ప్రాణనష్టం తప్పింది. పేపర్‌లో వంగిన ఇనుప కమానుల ఫొటో చూసి మా నాన్న చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "దాంట్లోనే కదరా మీ అమ్మను మొదటిసారి పట్నం తెచ్చింది" అన్నాడు. సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కు మెట్రో మొదలైంది. 2020 ఫిబ్రవరిలో సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) నుంచి ఎంజీబీఎస్‌కు ఇంకో లైన్ వచ్చింది. రెండు లైన్లు కలిసేది బస్టాండ్ పక్కనే. ఇన్నాళ్లూ వంతెన మీద చేసిన నడకలో పెద్ద ముక్క ఎస్కలేటర్ మింగేసింది. ఉత్తరం వైపు ఊళ్లకు జేబీఎస్, మిగతా దిక్కులకు ఎంజీబీఎస్ అని ఎటు పోవాలో తెలియక తప్పు బస్టాండ్‌కు వచ్చినవాడు కూడా ఇప్పుడు మెట్రో ఎక్కి సులువుగా సర్దుకోవచ్చు. ఇంతకుముందు ఆ తప్పుకు సికింద్రాబాద్ ట్రాఫిక్‌లో గంట సమర్పించుకునేవాళ్లం.

కానీ ఆ మెట్రోనే ఇంకో పని కూడా చేసింది. మియాపూర్‌లోనో కూకట్‌పల్లిలోనో ఎక్కిన సూర్యాపేట ప్రయాణికుడు ఎంజీబీఎస్‌లో ఎందుకు దిగాలి? అదే రైలు నేరుగా ఎల్బీనగర్ తీసుకెళ్తుంది. బస్సు చాదర్‌ఘాట్, మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వచ్చేలోపు మనం ముందే అక్కడ నిలబడి టీ తాగొచ్చు. మా కాలనీలో కుర్రాళ్లెవరూ ఇప్పుడు ఎంజీబీఎస్ పేరే ఎత్తరు. "ఎల్బీనగర్‌లో ఎక్కుతాం అంకుల్" అంటారు. వరంగల్ వాళ్లకు ఉప్పల్, మహబూబ్‌నగర్, కర్నూలు వాళ్లకు ఆరాంఘర్.

సంక్రాంతికి ఆర్టీసీ అదనపు బస్సుల్ని ఈ చౌరస్తాల నుంచే నడపడం ఎప్పటినుంచో ఉన్నదే. 2025 సెప్టెంబరు చివర్లో మాత్రం అది ఇంకా తేటగా కనిపించింది. జంట జలాశయాల (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) గేట్లెత్తడంతో మూసీ పొంగి నీళ్లు ఎంజీబీఎస్‌లోకి వచ్చేశాయి, దసరా ప్రయాణాల వేళ రాత్రిపూట జనాన్ని బయటికి తరలించాల్సి వచ్చింది. మర్నాడు బస్సుల్ని ఎక్కడినుంచి నడిపారు? కరీంనగర్, నిజామాబాద్ వైపు జేబీఎస్ నుంచి, వరంగల్ వైపు ఉప్పల్ నుంచి, సూర్యాపేట, విజయవాడ వైపు ఎల్బీనగర్ నుంచి, మహబూబ్‌నగర్, కర్నూలు వైపు ఆరాంఘర్ నుంచి. ఒక్క రాత్రిలో అంత పెద్ద బస్టాండ్‌ను నాలుగు దిక్కులకు పంచగలిగారంటే, జనం అప్పటికే అక్కడికి అలవాటు పడి ఉన్నారన్నమాట.

అలాగని ఎల్బీనగర్‌ను మెచ్చుకోవడం లేదు. అక్కడ ఉన్నది రోడ్డు అంచు. నీడ ఫ్లైఓవర్‌ది, కూర్చోవడానికి డివైడర్. "కోదాడ, విజయవాడ, ఏసీ, ఏసీ" అని కారువాళ్లు చెయ్యి పట్టుకు లాగుతుంటారు. బస్సు ఏ లేన్‌లో ఆగుతుందో డ్రైవర్‌కే తెలియదు, ఆగిన చోటికి జనమంతా ఒక్కసారిగా పరుగు. గౌలిగూడలో బస్సు పక్కన పరుగెత్తినవాళ్ల మనవలు ఇక్కడ పరుగెత్తుతున్నారు, చేతిలో కర్చీఫ్ బదులు ఫోన్. ప్లాట్‌ఫాం నంబరు చేయాల్సిన పని ఆర్టీసీ వాళ్ల 'గమ్యం' యాప్ చేస్తోంది, బస్సు ఎక్కడిదాకా వచ్చిందో చూపిస్తుంది. చదువుకున్న కుర్రాళ్లకు అది చాలు. బోర్డు చదవడానికే పక్కవాళ్లను అడిగే అమ్మలకు యాప్ ఎవరు చూసి పెట్టాలి?

ఎంజీబీఎస్ లోపల కూడా ఒక మార్పు గమనించాను. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణం ఇచ్చే మహాలక్ష్మి పథకం వచ్చాక పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ ఆగే చోట్ల జనం పెరిగారు, సూపర్ లగ్జరీ వైపు బెంచీలు ఖాళీగా కనిపిస్తాయి. ఆధార్ కార్డు పట్టుకుని, పిల్లల్ని కూడగట్టుకుని ఇదివరకు ఊరు కదలని ఆడవాళ్లు పుట్టింటికి బయలుదేరుతున్నారు, చూడ్డానికి బాగుంది. అదే కప్పు, అవే బెంచీలు, జనం మాత్రం ఒక పక్కకే ఒరిగారు. ఖాళీగా ఉన్న వైపు నుంచి నాలుగు బెంచీలు ఇటు జరిపితే సరిపోయే పని ఇది, కొత్త భవనం అక్కర్లేదు.

నా మార్కులు: ఎక్కడ ఏ బస్సు దొరుకుతుందో తెలియడంలో ఎంజీబీఎస్‌కు అయిదుకు నాలుగున్నర, బేల దగ్గర సామాను ఎక్కించే తీరుకు రెండు, నడకకు మెట్రో పుణ్యమా అని మూడు. జేబీఎస్ చిన్నది, తొందరగా అర్థమవుతుంది, దానికి నాలుగిస్తా. ఎల్బీనగర్‌కు మార్కులు వేయాలంటే ముందు అక్కడొక షెడ్డు ఉండాలి.

మొదటిసారి వెళ్లేవాళ్లకు ఒకటే చెబుతాను. ముసలివాళ్లు, చిన్నపిల్లలు, మోయలేని సామాను ఉంటే బద్ధకించకుండా ఎంజీబీఎస్‌కే వెళ్లండి. బస్సు ఖాళీగా నిలబడి ఉంటుంది, తీరిగ్గా ఎక్కొచ్చు, నచ్చిన సీటు దొరుకుతుంది. మెట్రోలో వస్తే బస్టాండ్ వైపు దారి అడిగి దిగండి, లేకపోతే రోడ్డు మీద తేలతారు. భుజానికి ఒక్క బ్యాగుతో ఒంటరిగా వెళ్లేవాళ్లయితే రిజర్వేషన్ చేసుకుని, బోర్డింగ్ పాయింట్ ఎల్బీనగర్ పెట్టుకోండి. రిజర్వేషన్ లేకుండా శనివారం సాయంత్రం అక్కడికి వెళ్లకండి, చౌటుప్పల్ దాకా నిలబడే పోవాలి.