స్విచ్ 2కి మైక్రోఎస్డీ ఎక్స్‌ప్రెస్, పీఎస్5కి ఎం.2: బెంగళూరు ఎస్పీ రోడ్డుకి వెళ్లేముందు చదవాల్సిన సమీక్ష

నింటెండో స్విచ్ 2 గేమ్ కన్సోల్ చేతికొచ్చాక చాలామంది మొదట చేసే పని, పాత స్విచ్‌లోని 512 జీబీ కార్డు తీసి ఇందులో పెట్టడం. కార్డు లోపలికి బాగానే పోతుంది, క్లిక్కుమంటుంది. గేమ్ మాత్రం అందులోకి దిగదు. పాత మైక్రోఎస్డీ నుంచి స్విచ్ 2 తీసుకునేది స్క్రీన్‌షాట్లు, వీడియోలు మాత్రమే. గేమ్ పెట్టుకోవాలంటే మైక్రోఎస్డీ ఎక్స్‌ప్రెస్ కార్డు ఉండాల్సిందే. ఆ కార్డు పెట్టే ధరకి తగినదేనా, అసలు ఈ కొత్త ఫార్మాట్ల వల్ల గేమింగ్‌కి ఒరిగేదేమిటి అన్నది ఇక్కడ చూద్దాం.

పేరు కొత్తగా వినిపిస్తున్నా ఫార్మాట్ కొత్తది కాదు. మెమరీ కార్డుల ప్రమాణాలు రాసే ఎస్డీ అసోసియేషన్ దీన్ని 2019లోనే ప్రకటించింది. ఆరేళ్లపాటు అడిగినవాళ్లు లేరు. 2025 జూన్ 5న స్విచ్ 2 వచ్చి ఇదే కావాలని పట్టుబట్టాక దుకాణాల్లోకి దిగింది. మామూలు యూహెచ్ఎస్-1 కార్డుకి సెకనుకి 104 ఎంబీ దగ్గర గోడ ఉంటుంది. ఎక్స్‌ప్రెస్ కార్డు కంప్యూటర్ ఎస్ఎస్డీలు వాడే పీసీఐఈ, ఎన్‌వీఎంఈ దారిలోనే మాట్లాడుతుంది కాబట్టి లెక్క ప్రకారం 985 ఎంబీ దాకా పోగలదు. శాన్‌డిస్క్ 256 జీబీ కార్డుకి కంపెనీ చెప్పే వేగం సెకనుకి 880 ఎంబీ రీడ్ (చదవడం), 650 రైట్ (రాయడం). లెక్సార్ ప్లే ప్రోకి 900, 600. శాంసంగ్ 256 జీబీకి 800 రీడ్.

ఈ మూడింటిలో ఏది మేలని అడిగితే, మీ ఊళ్లో బిల్లుతో, ఇండియా వారంటీతో దొరికేదే మేలు. 800కీ 900కీ తేడా ఆటలో కనిపించదు. లోడింగ్ అంటే చదవడం ఒక్కటే కాదు. చదివిన డేటాని విప్పాలి, ప్రాసెసర్ దాన్ని అమర్చాలి. స్విచ్ 2 లోపలి మెమరీ నుంచి ఆడినా, ఎక్స్‌ప్రెస్ కార్డు నుంచి ఆడినా ఎక్కువ గేముల్లో తేడా కొద్ది సెకన్లే. అందుకే డబ్బు వేగం మీద కాకుండా జాగా మీద పెట్టాలి. సైబర్‌పంక్ 2077 సుమారు 60 జీబీ, స్ప్లిట్ ఫిక్షన్ 70 దాకా, ఫైనల్ ఫాంటసీ 7 రీమేక్ 90 దరిదాపుల్లో ఉంటాయి. లోపలున్న 256 జీబీలో ఈ మూడూ పెట్టేసరికి ఇల్లు నిండినట్టే. కొంటే 512 కొనండి. 256 కొన్నవాళ్లు ఏడాది తిరక్కుండానే మళ్లీ బజారుకి వెళ్తారు. స్లాట్ ఒక్కటే కాబట్టి అప్పుడు పాత కార్డు డ్రాయర్లోకి చేరుతుంది.

ఈ కార్డుల అసలు లోపం ధర. లెక్సార్ 1 టీబీ కార్డు అమెరికాలో 199.99 డాలర్లతో మొదలైంది. అంతకంటే ఎన్నో రెట్లు వేగమున్న ఎం.2 ఎస్ఎస్డీ (కంప్యూటర్, పీఎస్5 లోపల బిగించే సన్నటి పలకలాంటి స్టోరేజ్ డ్రైవు) చాలాకాలం అంతకన్నా చవగ్గా దొరికింది. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ఫ్లాష్ మెమరీ ధరలన్నీ పైకి పాకుతున్నాయి కాబట్టి, "వచ్చే నెల తగ్గుతుందిలే" అని ఆగడం ఈసారి తెలివైన పని కాదు.

కార్డు కొనేటప్పుడు మోసపోయే చోటు ఒకటుంది. వెనక్కి తిప్పితే రెండు వరసల పిన్నులుంటే ఎక్స్‌ప్రెస్ అని కొందరు చెబుతారు. అది సగం నిజం. యూహెచ్ఎస్-1 కంటే వేగమైన యూహెచ్ఎస్-2 రకం కార్డులకి కూడా రెండు వరసలుంటాయి. అవి కెమెరాలకి బ్రహ్మాండంగా పనికొస్తాయి, ధర కూడా గట్టిగానే ఉంటుంది, కానీ స్విచ్ 2లో గేముకి పనికిరావు. చూడాల్సింది పిన్నులు కాదు, కార్డు ముఖం మీద ఎస్డీ గుర్తు పక్కన ఉండే "ఈఎక్స్" (EX) అక్షరాలు. "ఎక్స్‌ట్రీమ్", "ప్రో", "వీ90", "4కే" అని ఎన్ని రాసున్నా ఈఎక్స్ లేకపోతే తిరిగి ఇచ్చేయండి.

పెట్టే పద్ధతి తేలికే. కన్సోల్‌ని స్లీప్‌లో కాకుండా పూర్తిగా ఆపి, వెనక స్టాండు తెరిచి, దాని కిందున్న స్లాట్‌లో క్లిక్ వినిపించేదాకా నొక్కాలి. తర్వాత సిస్టమ్ సెట్టింగ్స్‌లో డేటా మేనేజ్‌మెంట్‌కి వెళ్లి గేములని కార్డులోకి మార్చుకోవచ్చు. సేవ్ డేటా మాత్రం ఎప్పుడూ లోపలి మెమరీలోనే ఉంటుంది, కార్డులోకి రాదు. కార్డు భద్రంగా ఉంది కదా అని కన్సోల్ రీసెట్ చేస్తే వంద గంటల ఆట పోతుంది. ఒక కన్సోల్‌లో వాడిన కార్డు ఇంకో కన్సోల్‌లో పెడితే ఫార్మాట్ చేయమంటుంది. కాబట్టి అన్నదమ్ములు ఒకే కార్డుని మార్చుకుంటూ వాడుకోవడం కుదరదు.

ఇక గేమింగ్ భవిష్యత్తుకి ఫార్మాట్ నిజంగా తగిలే చోటు. స్విచ్ 2 గేములు కొన్ని పూర్తి కార్ట్రిడ్జ్‌గా వస్తాయి. సైబర్‌పంక్ 64 జీబీ కార్ట్రిడ్జ్‌లో మొత్తం ఉంటుంది. ఇంకొన్ని "గేమ్-కీ కార్డు" రూపంలో వస్తాయి. డబ్బాలో కార్డు ఉంటుంది కానీ అందులో ఆట ఉండదు, తాళంచెవి మాత్రమే ఉంటుంది. ఆట మొత్తం నెట్ నుంచి దించుకోవాలి, ఆడేటప్పుడు కార్డు మళ్లీ లోపల ఉండాలి. అమ్ముకోవచ్చు, స్నేహితుడికి ఇవ్వొచ్చు, అది దాని మంచి. కానీ సర్వర్లు ఆగిన రోజున మీ చేతిలో మిగిలేది ప్లాస్టిక్ ముక్క. డబ్బా ముందువైపు అడుగున ఈ సంగతి రాసి ఉంటుంది, కొనేముందు చదవండి.

ఇదంతా కంపెనీల పిసినారితనమే అనుకునేవాళ్లకి ఒక మాట. స్టార్ వార్స్ అవుట్‌లాస్ కీ కార్డుగానే ఎందుకొచ్చిందో దాని స్నోడ్రాప్ ఇంజిన్ మీద పనిచేసే ఇంజినీరు ఒకరు 2025లో బహిరంగంగానే చెప్పారు. ఆ ఇంజిన్ ఆట నడుస్తుండగా ప్రపంచాన్ని స్టోరేజ్ నుంచి లాగుతూనే ఉంటుంది, కార్ట్రిడ్జ్ చదివే వేగం దానికి చాలలేదు. అంటే లోపలి మెమరీ, ఎక్స్‌ప్రెస్ కార్డు ముందుకి దూకాయి, డబ్బాలో వచ్చే కార్డు వెనకబడింది. కొత్త ఫార్మాట్‌కి విలువ ఇక్కడుంది. ఎక్స్‌ప్రెస్‌కి దగ్గరగా చదివే కార్ట్రిడ్జ్‌ని అందుబాటు ధరలో తయారు చేయగలిగితే పూర్తి గేమ్ మళ్లీ డబ్బాలోకి వస్తుంది. చేయలేకపోతే ప్రతి ఆటా డౌన్‌లోడే.

డౌన్‌లోడ్ అంటే ఎంతసేపో లెక్క వేసుకోండి. 60 జీబీ గేమ్ 100 ఎంబీపీఎస్ లైన్ మీద గంటా ఇరవై నిమిషాలు (నెట్ వేగం మెగాబిట్లలో చెబుతారు, ఎనిమిది బిట్లు ఒక బైట్). పీజీలో పదిమంది పంచుకునే వైఫైలో మీ వంతుకి 40 వస్తే మూడు గంటల ఇరవై నిమిషాలు, అదీ ఎవరూ మధ్యలో సినిమా పెట్టకపోతే.

ప్లేస్టేషన్ 5 (పీఎస్5) వాళ్లకి దీనికో చవక మందుంది. మామూలు యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ మీద పీఎస్5 గేములు ఆడలేం కానీ దాచుకోవచ్చు. ఆడాలనుకున్నప్పుడు లోపలికి కాపీ చేసుకోవాలి. సెకనుకి 100 ఎంబీ లెక్కన 60 జీబీకి పది నిమిషాలు. పీఎస్4 గేములైతే ఆ డిస్కు నుంచే నేరుగా ఆడొచ్చు. పాత లాప్‌టాప్ డిస్కుని యూఎస్‌బీ కేసులో పెట్టినా పనవుతుంది, 250 జీబీకి తగ్గకుండా, యూఎస్‌బీ 3.0 ఉంటే చాలు. స్విచ్ 2లో ఇలా యూఎస్‌బీ డిస్కు వాడే వీలు లేదు. దానికిది పెద్ద లోటు.

లోపలే జాగా పెంచాలంటే ఎం.2 ఎస్ఎస్డీ. మొదటి మోడల్ పీఎస్5లో 825 జీబీ అంటారు, వాడుకోడానికి మిగిలేది 667. సోనీ అడిగేది పీసీఐఈ జెన్4 (నాలుగో తరం) ఎన్‌వీఎంఈ డ్రైవు, సెకనుకి 5,500 ఎంబీ రీడ్ ఉంటే మంచిదంటుంది. 3,200 దరిదాపుల్లో చదివే డ్రైవులతో చేసిన పరీక్షల్లో కూడా లోడింగ్ తేడా చాలా తక్కువ వచ్చింది. కాబట్టి 7,400 అంకె కోసం అదనంగా పెట్టే డబ్బు వృథా. అయితే జెన్3 డ్రైవు, పాత సాటా పద్ధతిలో నడిచే ఎం.2 డ్రైవు అసలు పనిచేయవు. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి కనుక పెట్టె మీద "జెన్4 x4" అన్నది చదివే తీసుకోండి.

చెడేది ఎక్కువగా హీట్‌సింక్ (డ్రైవు వేడిని లాగేసే లోహపు పలక) దగ్గరే. హీట్‌సింక్ తప్పనిసరి, దానితో కలిపి మొత్తం మందం 11.25 మిల్లీమీటర్లు దాటకూడదు, బోర్డు పైన 8, కింద 2.45. పీసీ మదర్‌బోర్డుల కోసం చేసిన ఎత్తైన హీట్‌సింక్ పెడితే స్లాట్ మూత పడదు. మూత వదిలేసి ఆడేవాళ్లున్నారు, అది తప్పు. లోపలి గాలి దారి ఆ మూతతో కలిపి లెక్కగట్టింది. ఇంకో పొరపాటు, డ్రైవుకీ హీట్‌సింక్‌కీ మధ్య ఉండే మెత్తటి థర్మల్ ప్యాడ్ మీద ఉండే సన్నటి ప్లాస్టిక్ పొరని తీయకుండా అంటించడం. వేడి బయటికి పోక డ్రైవు నెమ్మదిస్తుంది, ఆట తడబడుతుంది, తప్పు డ్రైవుదని కొట్టువాడితో గొడవ.

బిగించేముందు సిస్టమ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి, కన్సోల్ పూర్తిగా ఆపి, కరెంటు వైరు తీసి, చల్లారనివ్వాలి. పక్క మూత జరిపి, స్లాట్ మూత స్క్రూ తీయాలి. నంబర్ 1 ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ సరిపోతుంది. లోపల చిన్న స్క్రూ, దాని కింద స్పేసర్ అనే చిన్న ఉంగరం ఉంటాయి. స్పేసర్‌ని "80" అని రాసున్న గుంటలోకి మార్చాలి, ఎందుకంటే మనకి దొరికే డ్రైవులు ఎక్కువగా 2280 సైజువే (22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు). స్పేసర్ మార్చడం మరిస్తే స్క్రూ పట్టదు, బలవంతం చేస్తే డ్రైవు వంగుతుంది. డ్రైవుని ఏటవాలుగా చివరిదాకా తోసి, కిందికి అదిమి, స్క్రూ ఆగేదాకా మాత్రమే తిప్పండి. ఆన్ చేయగానే ఫార్మాట్ అడుగుతుంది, తర్వాత రీడ్ వేగం చూపిస్తుంది. ఏమీ అడగకపోతే పదిలో తొమ్మిదిసార్లు డ్రైవు చివరిదాకా కూర్చోలేదనే అర్థం.

గేములు మార్చేటప్పుడు కరెంటు పోతే కాపీ మధ్యలో తెగి, మళ్లీ ఆన్ చేశాక కన్సోల్ స్టోరేజ్ రిపేర్ మొదలెడుతుంది. వేసవిలో కోతలుండే ప్రాంతమైతే ఈ పని చిన్న యూపీఎస్ మీద పెట్టుకోండి.

ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్‌లది వేరే దారి. వెనక స్లాట్‌లో గుచ్చే ప్రత్యేక కార్డు, స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. సుఖం ఎక్కువ, ఎంపిక తక్కువ, ధర ఎక్కువ.

పీసీలో జెన్5 డ్రైవులు 14,000 ఎంబీ దాకా వెళ్తున్నాయి, కొలిమిలా వేడెక్కుతున్నాయి, ఆటలకి మాత్రం జెన్4 మీద చెప్పుకోదగ్గ లాభం లేదు. స్టోరేజ్ గురించి ఈమధ్య వచ్చిన గట్టి పాఠం కొత్త డ్రైవు నుంచి రాలేదు, హెల్‌డైవర్స్ 2 నుంచి వచ్చింది. హార్డ్‌డిస్క్ వాళ్ల లోడింగ్ కోసమని ఒకే ఫైలుని పదేపదే ఉంచడంతో దాని పీసీ వెర్షన్ 150 జీబీ దాటింది. 2025 డిసెంబరులో ఆ నకళ్లన్నీ తీసేస్తే 23 జీబీకి వచ్చింది. హార్డ్‌డిస్క్ మీద కూడా లోడింగ్ పెరిగింది కొద్ది సెకన్లే. డెవలపర్లు ఇలాంటి శుభ్రం నాలుగు పెద్ద గేముల్లో చేస్తే మనకి 1 టీబీ కార్డు అవసరమే ఆగిపోతుంది.

బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డు. అక్కడికి మెట్రో గ్రీన్ లైన్‌లో చిక్‌పేట స్టేషన్ దగ్గర. ఆదివారం ఎక్కువ కొట్లు మూసి ఉంటాయి, వారం మధ్యలో పొద్దున పోతే కౌంటర్లో మనిషి నిలబడి మాట్లాడతాడు. కన్నడ, హిందీ నడుస్తాయి, తెలుగు అర్థమయ్యేవాళ్లూ చాలాచోట్ల దొరుకుతారు. అడగాల్సినవి రెండే. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్ రాస్తారా? వారంటీ కంపెనీదా, కొట్టుదా? "బిల్లు లేకుంటే ఇంత తగ్గిస్తా" అన్నారంటే, ఆ తగ్గింపు మీ వారంటీ ధర. స్విచ్ 2 విషయంలో కన్సోలే దిగుమతి సరుకు కాబట్టి, కార్డుకైనా ఇక్కడి వారంటీ ఉండేలా చూసుకోవడం మంచిది.

ఇంటికొచ్చాక, గేములు పెట్టకముందే కార్డుని కంప్యూటర్లో పరీక్షించండి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో ఎఫ్3, రెండూ ఉచితం. కార్డు మొత్తం రాసి తిరిగి చదువుతాయి, నకిలీ సైజు అయితే అక్కడే దొరికిపోతుంది. 256 జీబీ కార్డుకి విండోస్ 238 అని చూపిస్తే కంగారొద్దు, లెక్క పద్ధతి తేడా అంతే. మామూలు రీడర్‌లో ఎక్స్‌ప్రెస్ కార్డు కూడా యూహెచ్ఎస్-1 వేగానికి దిగిపోయి 90 దగ్గరే ఆడుతుంది, అది నకిలీ గుర్తు కాదు. 256 జీబీ కార్డుకి రాయడానికి సుమారు ఒక గంట, చదవడానికి ఇంకో గంట పడుతుంది. కొట్టువాడు ఇచ్చిన వాపసు గడువు లోపలే ఈ పని ముగించి, తర్వాత కార్డుని కన్సోల్‌లోనే ఫార్మాట్ చేసుకోండి.