జియోప్యాకేజీతో ఆరేళ్లు: ఒక్క ఫైలే, తెరవనంతసేపు

మా ఊళ్లో పాత బస్టాండు రోడ్డుకి ఆఫీసు కంప్యూటర్లో చాలాకాలం "పాత బస్" అని పేరుండేది. రామాలయం వీధి "రామాలయ". గాంధీ బొమ్మ సెంటర్ "గాంధీ బ". ఎవరో వెటకారానికి పెట్టినవి కావవి. పటాలు దాచే పాత ఫైలు రూపం షేప్‌ఫైల్, దాని వెంట ఉండే డీబీఎఫ్ పట్టికలో వీధి పేరుకి 20 బైట్ల గడి కట్టారు ఎవరో పుణ్యాత్ములు. ఇంగ్లిషులో అయితే 20 అక్షరాలు పడతాయి. మన తెలుగులో ఒక్కో గుర్తుకీ 3 బైట్లు కావాలి. దీర్ఘానికి వేరే, వత్తుకి వేరే, సున్నాకి వేరే. ఆరు గుర్తులకే గడి నిండిపోతే మిగతా పేరు గాల్లో కలిసిపోయింది. గడి తలకట్టు సంగతి మరీ అన్యాయం, దానికి 10 బైట్లే. "వీధి" అని తెలుగులో పెడదామంటే చివరి గుడికి చోటు లేదు, "వీధ" దగ్గరే ఆగిపోతుంది.

నేను ఒక చిన్న మునిసిపాలిటీ టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో ఔట్‌సోర్సింగ్ మీద జీఐఎస్ పని, అంటే కంప్యూటర్లో పటాల పని, చేస్తాను. 2019లో మా పొరలన్నీ, అంటే వార్డులు, వీధులు, ఇళ్లు, కాలువలు, లేఅవుట్లు, షేప్‌ఫైల్లోంచి జియోప్యాకేజీ అనే కొత్త ఫైలు రూపానికి మార్చాను. అది వేగమా, సైజెంత, ఏ సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకుంటుంది అన్నవి ఎక్కడైనా దొరుకుతాయి, వాటి జోలికి పోను. నాకు కావలసింది వేరు. ఈ ఏడాది వార్డుల పటం ఇరవై ఏళ్ల తర్వాత నా కుర్చీలో కూర్చునేవాడికి తెరుచుకోవాలి, అర్థం కావాలి.

ఆ యావ ఎందుకు పట్టుకుందంటే, చేరిన కొత్తలో ఒక పెద్దాయన వచ్చారు. "బాబూ, మా ఇల్లు మొదట ఏడో వార్డు. కాగితాలన్నీ అలాగే ఉన్నాయి. ఇప్పుడేమో పన్నెండు అంటున్నారు. మీ కంప్యూటర్లో పాతది లేదా?" అన్నారు. లేదు. వార్డుల పునర్విభజన అయినప్పుడు పాత ఫైలు మీదే కొత్తది దిద్ది సేవ్ కొట్టేశారు. ఆయన ఇంట్లో 1990ల నాటి పన్ను రసీదు ఉంది, మా దగ్గర నిన్నటి పటం కూడా లేదు. మా ఊరి సంగతే కాదిది. తెలంగాణలో 2016 అక్టోబరు 11న పది జిల్లాలు 31 అయ్యాయి, తర్వాత 33. ఆంధ్రలో 2022 ఏప్రిల్ 4న పదమూడు కాస్తా 26 అయ్యాయి. ముందురోజు రాత్రి ఫైలు ఎన్ని ఆఫీసుల్లో పక్కకి తీసి పెట్టారో ఆ దేవుడికే తెలియాలి. ఇదే బాధ మీద అమెరికాలో నార్త్ కరోలినా, కెంటకీ, యూటా రాష్ట్రాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అండతో 2007 నుంచి 2011 దాకా జియోమ్యాప్ అని ఒక ప్రాజెక్టు నడిపాయి. అక్కడి కౌంటీల్లోనూ ఇదే తంతు, ఆస్తుల పటం మీద దిద్దుకుంటూ పోతే నిన్నటిది మిగలదు. నేను నేర్చుకున్నది ఒక్కటే: ఫలానా తేదీకి ఒక నకలు తీసి, దాన్ని ఇక ముట్టుకోకూడదు. మాకు ఆ తేదీ మార్చి 31.

ఆ నకలుకి జియోప్యాకేజీ దేవుడిచ్చిన వరంలా కనిపించింది, ఎందుకంటే అంతా ఒక్క ఫైలే. షేప్‌ఫైల్ అనేది పేరుకే ఏకవచనం. ఎస్‌హెచ్‌పీ, ఎస్‌హెచ్‌ఎక్స్, డీబీఎఫ్, పీఆర్‌జే, సీపీజీ, పెళ్లికి వచ్చిన చుట్టాల్లా అందరూ కలిసే తిరగాలి. సీపీజీ తప్పిపోతే తెలుగు పేర్లన్నీ కోడి కెలికినట్టు తయారవుతాయి. పటం ఏ కొలమానంలో గీశారో చెప్పే పీఆర్‌జే తప్పిపోతే ఇంకా కష్టం. ఒకసారి సర్వే చేసిన ఏజెన్సీ ఒకటి మాకు కాలువల పొర పీఆర్‌జే లేకుండా పంపింది. అంకెలు చూస్తే యూటీఎం (భూమిని నిలువు జోన్లుగా కోసి మీటర్లలో కొలిచే పద్ధతి) అని తెలుస్తోంది, కానీ ఏ జోన్? మన రాష్ట్రం మూడు జోన్లలో పడుతుంది: అనంతపురం 43లో, విజయవాడ 44లో, పలాస 45లో. సరే, మా ఊరు 44లోనే ఉంది కదా అని పెట్టాను. కాలువలు ఇళ్ల మీంచి పారాయి. చివరికి తేలిందేమిటంటే జోన్ సరైనదే, లెక్క మాత్రం భూమి ఆకారానికి పాతకాలపు కొలత అయిన ఎవరెస్ట్ గోళం మీద కట్టారు. అదే జియోప్యాకేజీలో అయితే ఏ కొలమానమో ఫైలు లోపలే పట్టికలో రాసి ఉంటుంది, విడిగా ఊడిపోయే ముక్క కాదు. తెలుగు పేర్లు కొమ్ములతో, వత్తులతో నిండుగా కూర్చుంటాయి. పటం కాని పట్టికలు కూడా అందులోనే పెట్టుకోవచ్చు. నేను "చరిత్ర" అని ఒకటి పెట్టి ఏ పొర ఎవరు, ఎప్పుడు, ఏ జీవో ఆధారంగా దిద్దారో రాస్తూ వచ్చాను. కనిపించినవాళ్లందరికీ చెప్పాను, ఒక్క ఫైలు కాపీ కొట్టుకుంటే చాలు, అంతా వచ్చేసినట్టే అని.

ఆ మాట 2021 మార్చి 31న నా మీదే తిరగబడింది.

మాకున్నది ఒకే మంచి కంప్యూటర్. పొద్దున నేను, మధ్యాహ్నం పక్క సీటు మేడం. 14వ వార్డులో కొత్త ఇళ్ల పని ఆవిడే చేస్తున్నారు. ఆ సాయంత్రం ఆవిడ సేవ్ కొట్టి, పటాలు దిద్దే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌ని మూయకుండా కింద పట్టీలోకి దించి, బస్సు టైమయిందని వెళ్లిపోయారు. నిజానికి రెండు రోజులుగా మేమిద్దరం దాన్ని మూయనేలేదు. నేను హార్డ్ డిస్క్ పెట్టి డాట్ జీపీకేజీ ఫైలు, అంటే మా జియోప్యాకేజీ, కాపీ చేశాను. పక్కనే అదే పేరుతో, చివర "వాల్", "ఎస్‌హెచ్‌ఎం" తోకలతో మరో రెండు ఫైళ్లు కనిపించాయి. ఏదో తాత్కాలిక చెత్త అనుకున్నాను. ఒక్క ఫైలే కదా మరి!

ఆ వాల్ ఫైల్లోనే ఉంది ఆవిడ రెండు రోజుల పని. జియోప్యాకేజీ లోపల ఉండేది ఎస్‌క్యూలైట్ డేటాబేసు. క్యూజీఐఎస్ దాన్ని తెరిచినప్పుడు కొత్త మార్పుల్ని ముందు ఈ పక్క ఫైల్లో రాసుకుంటుంది, వీలు చూసుకుని అసలు ఫైల్లో కలుపుతుంది. కొట్టువాడు బేరాలన్నీ చిత్తు పుస్తకంలో రాసుకుని రాత్రికి చిట్టాకెక్కించినట్టు. నేను చిట్టా మాత్రమే పట్టుకుపోయాను.

పాడైపోయిన ఫైలైతే తెరవనని మొరాయిస్తుంది, కనీసం తెలుస్తుంది. ఇది బంగారంలా తెరుచుకుంది. ఏప్రిల్, మే, జూన్ గడిచాయి. జూలైలో పన్ను లెక్క తేడా వచ్చి మార్చి 31 నాటి పటం తీయమన్నారు. నేను గర్వంగా తీశాను. రిపోర్టులో ఉన్నదానికంటే 14వ వార్డులో 212 ఇళ్లు తక్కువ. టౌన్ ప్లానింగ్ ఆఫీసరు గారు నా వైపు చూసి, "ఏంటయ్యా, ఇళ్లు కట్టారా, కూల్చారా?" అన్నారు. అప్పటికి అసలు ఫైలు మూడు నెలల మార్పులతో ముందుకెళ్లిపోయింది, వాల్ ఫైలు అందులో కలిసి ఎప్పుడో మాయమైంది. దిద్దిన తేదీ అని ఒక గడి పెట్టుకోబట్టి బతికాను. మార్చి 31 తర్వాతివి తీసేస్తూ, మధ్యలో చెరిపేసినవాటి కోసం పాత కాగితం ఫారాలు వెతుక్కుంటూ, నాలుగు రోజులకి దాదాపు అప్పటి పటాన్ని నిలబెట్టాను. దాదాపు అనే అంటున్నాను.

ఆ దెబ్బతో ఇంకో జాగ్రత్త మొదలెట్టాను. నకలు తీయగానే దాని ఎస్‌హెచ్‌ఏ-256 సంఖ్య లెక్కించి రిజిస్టర్లో రాయడం. ఫైల్లో ఒక్క బైటు కదిలినా ఆ సంఖ్య మారిపోతుంది. మరుసటి ఏడాది సరిచూస్తే, మారింది! గుండె జారిపోయింది. ఎవరు దిద్దారని అందరినీ అడిగాను. ఎవరూ దిద్దలేదు, ఎవరో తెరిచి చూశారంతే. చూడటానికి తెరిచినా సరే, అప్పటి మా క్యూజీఐఎస్ ఆ ఫైలు తలభాగంలో కొన్ని బైట్లు గెలికి వదిలేది. రికార్డు రూములో ఎఫ్ఎంబీ (భూముల సర్వే కొలతల) పుస్తకం ఎవరైనా తెరిచి చూస్తే అందులో గొలుసు కొలతలు మారతాయా? చెదలు పట్టొచ్చు, చిరగొచ్చు, కానీ చూసినందుకు మారదు. ఈ ఒక్క విషయంలో నా కోపం ఇంకా చల్లారలేదు. విరుగుడు సులువే, నకలు ఫైలుకి రీడ్ ఓన్లీ టిక్కు పెట్టేయడం. కానీ ఆ ముక్క నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే!

పైన పొగిడినవాటికీ కొంచెం పక్కనోట్లు రాసుకోవాలి. కొలమానం ఫైల్లోనే ఉంటుందన్నాను. ఉంటుంది, కానీ "తెలియదు" అనే అర్థంలో మైనస్ 1 అని పెట్టినా ఫైలు ఒప్పుకుంటుంది. ఈమధ్య మాకొచ్చిన ఒక పొర అలాగే వచ్చింది. రంగులు, గీతల తీరు కూడా లోపలే దాచుకోవచ్చు నిజమే, కానీ ఆ పట్టిక క్యూజీఐఎస్ సొంత అలవాటు. వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే వార్డులన్నీ ఒకే రంగు. తెలుగు పేర్లు నిండుగా ఉంటాయన్నది మా గది గుమ్మం దాకానే. పైఆఫీసుకి పంపాలంటే ఇప్పటికీ షేప్‌ఫైలే అడుగుతారు, మళ్లీ "పాత బస్".

మరి కొనసాగుతున్నావెందుకంటే, ఎస్‌క్యూలైట్ మీద నాకు నమ్మకం. 2050 దాకా చూసుకునే ఉద్దేశంతో ఉన్నామని దాని తయారీదారులే రాసుకున్నారు, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కూడా దాచదగ్గ రూపాల్లో దాన్ని చేర్చింది. నా కాంట్రాక్టు రెన్యువల్ మాత్రం ఏడాదికే. సర్వరు లేని, ఇద్దరు మనుషులున్న మాలాంటి గదికి ఇంతకన్నా మంచిది నాకు దొరకలేదు. పెద్ద డేటాబేసు, దాన్ని చూసుకునే మనిషి ఉన్న ఆఫీసుకి నా సలహా అక్కర్లేదు. ఒకే ఫైలుని నెట్‌వర్క్ ఫోల్డర్లో పెట్టి నలుగురు దిద్దే చోట అయితే అసలు వద్దంటాను.

ఇప్పుడు మార్చి 31 సాయంత్రం మా తంతు ఇది. క్యూజీఐఎస్ పూర్తిగా మూయడం, ఫోల్డర్లో తోక ఫైళ్లు పోయాయా అని ఇద్దరం చూడటం, కాపీ, రీడ్ ఓన్లీ, అవే పొరలు సీఎస్‌వీగా, అంటే మామూలు అక్షరాల పట్టికగా, ఇంకోసారి, వార్డుల పటం ఒక పెద్ద ప్రింటు. రిజిస్టర్లో ఆ సంఖ్య 64 అక్షరాలు చేత్తో రాసేవాణ్ని. నిరుడు సరిచూస్తే మళ్లీ తేడా వచ్చింది. ఒకరోజంతా ఫైలుని అనుమానించాక తెలిసింది, నేనే ఒక చోట 6 బదులు 8 రాశానని. ఈసారి కాగితం మీద అచ్చు తీసి అతికించాను.