తరంగంబాడి కోట: గిడ్డంగి నుంచి మ్యూజియం దాకా

మయిలాడుతురైలో బస్సెక్కి తమిళనాడు తీరంలోని తరంగంబాడిలో దిగేసరికి ఎండ బాగా ముదిరింది. 1792లో కట్టిన తెల్లని నగర ద్వారం దాటి సముద్రం వైపు తిన్నగా నడిస్తే, ఊరు ముగిసే చోట డ్యాన్స్‌బోర్గ్ కోట కనిపిస్తుంది. ఇంత దూరం రావడానికి నన్ను పురికొల్పింది ఈ కోటకు తెలుగుతో ఉన్న చుట్టరికం. 1620లో డెన్మార్క్ నౌకాధిపతి ఓవె గెడ్డెకు ఇక్కడ కోట కట్టుకోవడానికి అనుమతి ఇచ్చినవాడు తంజావూరు రఘునాథ నాయకుడు. ఆయన స్వయంగా తెలుగు కవి.

కోట ప్రధాన భవనం రెండంతస్తులది. కమాను కప్పులున్న కింది గదులలో సరుకులు, మందుగుండు నిల్వ చేసేవారు. పైన గవర్నరు, పెద్ద వర్తకులు, మతగురువు నివసించేవారు, ప్రార్థనలు కూడా అక్కడే జరిగేవి. బైబిలులోని కొత్త నిబంధనను తమిళంలో అచ్చు వేయించిన క్రైస్తవ మత ప్రచారకుడు జీగెన్‌బల్గ్‌ను 1708లో నాలుగు నెలల పాటు ఖైదు చేసింది కూడా ఈ కోటలోనే. అంటే వ్యాపారం, కాపురం, ప్రార్థన, శిక్ష అన్నీ ఒకే గోడల మధ్య సాగాయన్నమాట. 1845లో డెన్మార్క్ ఈ ఊరిని బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌తో కలిపి పన్నెండున్నర లక్షల రూపాయలకు ఈస్టిండియా కంపెనీకి అమ్మివేసింది. స్వాతంత్ర్యం తరువాత కోట ప్రభుత్వాధికారులు బస చేసే ఇన్‌స్పెక్షన్ బంగళా అయింది. 1978లో రాష్ట్ర పురావస్తు శాఖ చేతికి వచ్చింది, ఇప్పుడు అందులో మ్యూజియం ఉంది.

మ్యూజియం చిన్నదే గాని తీరిగ్గా చూడదగినది. పింగాణీ పాత్రలు, చైనా టీ జాడీలు, కత్తులు, డేనిష్ పత్రాల నడుమ ఒక తిమింగలం ఎముక ముక్క కూడా ఉంది. నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి మాత్రం వస్తువులు కావు, గోడలు. కింది గదిలో చెయ్యి ఆనించి చూస్తే సున్నం కింద తేమ తగిలింది, వేళ్లకు ఉప్పు పొడి అంటుకుంది. బయట ఎండ మండుతున్నా లోపల హాయిగా ఉండడం చూస్తే, సరుకు చెడకుండా నిలవాలని కట్టిన గదులే తరువాతి వాళ్లకు చల్లని ఆశ్రయమయ్యాయని తెలుస్తుంది. నౌకల కాలంతో పాటు, అధికారులు రాత్రిళ్లు బస చేసిన బంగళా కాలానికి కూడా ఒక గది కేటాయిస్తే బాగుంటుందని నాకు గట్టిగా అనిపించింది, ఎందుకంటే అది కూడా ఈ కోట బతికిన కాలమే.

బస విషయానికి వస్తే, మొదటి రాత్రి పొరుగు పట్టణంలోని ఒక లాడ్జిలో దిగి పొరపాటు చేశాము. ముందుగా డబ్బు కట్టినా గది సిద్ధంగా లేదు, రాత్రంతా నీళ్లు రాలేదు, అడిగితే సమాధానం చెప్పే మనిషి లేడు. రెండో రోజు తరంగంబాడిలోనే, పాత ఇంటిని బాగుచేసి అతిథులకు అద్దెకిస్తున్న ఒక బసకు మారాము. అద్దె ఎక్కువే, భోజనం సాధారణం, అయినా ఇక్కడే ఉండమని చెబుతాను. కోటను పొద్దున్నే చూడవచ్చు. జీగెన్‌బల్గ్ 1718లో కట్టించిన న్యూ జెరూసలేం చర్చి, సముద్రం కోతకు గురైన మాసిలామణినాథ స్వామి ఆలయం నడక దూరంలోనే ఉన్నాయి. తొందరపడే వారికి ఒక పూట చాలు, కాని చీకటి పడ్డాక ఆ వీధుల్లో నడవాలంటే ఒక రాత్రి ఉండక తప్పదు.

ఆ బసను చూసుకునే పెద్దాయన రోజూ సాయంత్రం నూనె గుడ్డతో కిటికీ బందులు తుడిచేవాడు. రెండు రోజులు వదిలేస్తే ఉప్పుగాలికి తుప్పు పట్టి రెక్కలు కదలవని, మనుషులు దిగని గదిలో అయితే ఇంకా త్వరగా పాడవుతాయని చెప్పాడు. మేము బయలుదేరేటప్పుడు కూడా మా గదిలో సముద్రం వైపు కిటికీ మూసి తెరిచి, బందు ఒకటి బిగుసుకున్నట్టు తోచి, మళ్లీ నూనె గుడ్డ అందుకున్నాడు.